ట్రాక్టరుకి మూడు స్నానాలు

చలిలో ఉన్న ట్రాక్టరుని వెచ్చబెట్టకుండా తాళం తిప్పడం కుక్కుటేశ్వరరావు దృష్టిలో మహాపాపం. నిద్రపోతున్న మనిషిని మంచంతో సహా ఎత్తుకెళ్ళి కాలవలో పడేసినంత పాపం. అందుకని నవంబరు నెలాఖరు నుంచి ఫిబ్రవరి చివరిదాకా వఫ్రాలోని ఆ తోటలో తెల్లవారితే జరిగే మొదటి పని ట్రాక్టరు సేవ. అది పూర్తయ్యేదాకా మిగతా పనులన్నీ చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.

కువైట్ అంటే ఎండే అనుకునేవాళ్ళకి వఫ్రా జనవరి సంగతి తెలియదు. తెల్లవారుజామున ఎడారి మీంచి వచ్చే గాలి రెండు స్వెట్టర్లు దాటుకుని ఎముకల్ని పలకరిస్తుంది. కీరాదోస పెంచే ప్లాస్టిక్ హౌసుల మీద మంచు పేరుకుని తెల్లగా మెరుస్తుంది. కుళాయి కింద చెయ్యి పెడితే నీళ్ళు కొరుకుతాయి. అలాంటి పొద్దుల్లో ట్రాక్టరు నడిపే పిఠాపురం కుక్కుటేశ్వరరావు, పేరులో కోడిని పెట్టుకున్నందుకు న్యాయం చెయ్యాలన్నట్టు, ఫజర్ అజాన్‌కి ముందే లేచి, మంకీ క్యాపు తగిలించుకుని, షెడ్డు వెనక పొయ్యి రాజేసేవాడు. పొయ్యి మీద డ్రమ్ము, డ్రమ్ము నిండా నీళ్ళు. విరిగిన కూరగాయల పెట్టెలే కట్టెలు.

ఈ సేవ చూసి పళ్ళు నూరుకునే మనిషి అన్వర్ బాషా. రాయచోటి నుంచి వచ్చి, తొమ్మిదేళ్ళుగా ఆ తోటకి ఫోర్‌మన్‌గా ఉన్నాడు. ఏ మొక్కకి ఎప్పుడు ఏ జబ్బొస్తుందో ఆకు చూసి చెప్పగలడు గానీ, ఇంజను మూత తీస్తే ఏది ఏమిటో తెలియదు. ఎనిమిదింటికి కూరగాయల లారీ మార్కెట్‌కి కదలాలి. లారీ కదలాలంటే ఆ లోపల ట్రాక్టరు హౌసులన్నీ తిరిగి పెట్టెలు మోసుకురావాలి. ట్రాక్టరేమో స్నానంలో ఉండేది.

"ఏందప్పా రావన్నా, ఇంకా ఎంతసేపు?" అని అరిచేవాడు బాషా, షెడ్డుకి కట్టిన టార్పాలిన్ పరదా అవతల నిలబడి.

"రెండో స్నానం అవుతుందండి బాషా గారూ," అని ఆవిర్ల మధ్యలోంచి జవాబు.

"రెండోదా! మనిషికే ఒగటి సాలు గదప్పా!"

"మనిషిది తోలండి. దీంది ఇనుమండి. ఒకేసారి మరిగే నీళ్ళు పోత్తే ఇంజను బ్లాకు పగిలిపోద్దండి, ఆయ్. ముందు గోరెచ్చన, తర్వాత ఓ మోస్తరు, ఆ తర్వాత వేడి. మూడూ పడితేగానీ లోపల చలి వదలదండి."

ఇంజను గురించి ఎవరేం చెప్పినా నమ్మక తప్పని బాషా వాచీ చూసుకుంటూ వెళ్ళిపోయేవాడు. కాసేపటికి వచ్చి చూస్తే డ్రమ్ము ఖాళీ.

"అన్ని నీళ్ళూ అయిపోయినాయా?"

"తాగేసిందండి."

నిజానికి ఆ తోటలో నిప్పు రాజెయ్యకూడదు. ఆ రూలు పెట్టింది బాషాయే. పక్క తోటలో ఒక్క నిప్పురవ్వ ఎగిరి మూడు ప్లాస్టిక్ హౌసులు క్షణాల్లో ఖలాస్ అవడం కళ్ళారా చూశాడు. పనివాళ్ళ గదుల్లో గీజర్లు కూడా వాడకూడదు. అదీ బాషా రూలే. గీజర్లు వేస్తే కరెంటు లైను తట్టుకోలేక కోల్డ్ రూము ఆగిపోతుంది. ఒకసారి అలా మోటారు మాడిపోయి, నాలుగు రోజుల కోత అంతా కుళ్ళిపోయింది. ఆ వాసన బాషా ముక్కులో ఇంకా ఉంది.

మరి కుక్కుటేశ్వరరావు పొయ్యి ఎలా వెలిగింది అంటే, ఆ అనుమతి కఫీల్, అంటే తోట యజమాని, దగ్గర్నుంచే వచ్చింది. తోటలో అందరూ ఆయన్ని బాబా అంటారు. తోట మొదలుపెట్టిన ఏడాదే కొన్న ట్రాక్టరు అది. ఆయనకి దాని మీద ప్రాణం. ఏడేళ్ళ కిందట, చేరిన మొదటి చలికాలంలోనే, కుక్కుటేశ్వరరావు ఆయన కారుకి అడ్డం నిలబడి తనకొచ్చిన అరబ్బీ అంతా ఒక్క ఊపులో ఖర్చుపెట్టేశాడు. "బాబా! హాదా మకీనా వాజిద్ బర్దాన్! మాయ్ హార్ లాజిమ్!" ఈ మిషను చలికి వణికిపోతోంది, దీనికి వేడినీళ్ళు కావాలి అని. బాబా "జైన్", సరే, అన్నాడు. డ్రమ్ము వచ్చింది. కాపలాదారు పీర్ సాహెబ్ పక్కనే ఇసక బకెట్లు పెట్టుకుని కూర్చోవాలన్న షరతు మీద పొయ్యి వెలిగింది.

మరుసటి ఏడాది ట్రాక్టరుకి దుప్పట్లు కావలసివచ్చాయి. ఒకటి కాదు, ఆరు.

"ఆరెందుకప్పా? ఏమన్నా పెండ్లివారా?"

"బానెట్‌కి ఒకటండి, గేరు బాక్సుకి ఒకటి, డీజిలు ట్యాంకుకి ఒకటి..."

"ఇంకా మూడు?"

"మార్చి మార్చి కప్పడానికండి. రాత్రంతా ఒకటే దుప్పటి కప్పితే చెమ్మెక్కిపోద్దండి."

దుప్పట్లు వచ్చాయి. ఒకరోజు పొద్దున్నే బాషా చూస్తే, అందులో మంచి దళసరి దుప్పటి పీర్ సాహెబ్ భుజాల మీద ఉంది. అరవై దాటిన ఆ కడప పెద్దాయన దాన్ని గడ్డందాకా లాక్కుని హాయిగా కునుకు తీస్తున్నాడు.

"ఇదేంది? ట్రాక్టరు దుప్పటి ఈయప్ప మింద ఎందుకుండాది?"

కుక్కుటేశ్వరరావు కన్నార్పలేదు. "చల్లటి దుప్పటి కప్పితే లాభమేటండి? సాహెబ్ గారు కాసేపు కప్పుకుని వేడెక్కించి ఇత్తారండి. అప్పుడు ట్రాక్టరుకి కప్పుతాను."

పీర్ సాహెబ్ ఒక కన్ను తెరిచి, "ఇంగా ఎక్కలేదు బాషా. టైం పడతాది," అని మళ్ళీ మూసుకున్నాడు.

ఆ తర్వాత కూరగాయలు కట్టలు కట్టే ఆడవాళ్ళ వంతు వచ్చింది. ఎనిమిదిమంది. రోజూ పొద్దున్నే మహబూలా నుంచి మినీ బస్సులో వస్తారు. ఆరుబయట బల్లల దగ్గర కూర్చోవలసినవాళ్ళు చలికాలం రాగానే ట్రాక్టరు షెడ్డులో, పరదా చాటున, పొయ్యి వెచ్చదనం తగిలేచోట కూర్చుని కొత్తిమీర కడుతూ కనిపించారు. బాషా నడుం మీద చేతులు వేసుకుని నిలబడ్డాడు.

"ఈళ్ళెందుకు ఈడుండారు?"

"ఊపిరి కోసమండి," అన్నాడు కుక్కుటేశ్వరరావు. "ఎనిమిదిమంది ఊపిరికి షెడ్డులో చలి విరుగుద్దండి. ట్రాక్టరుకి మంచిది."

బాషా చాలాసేపు ఆలోచించాడు. ఊపిరి వెచ్చగా ఉంటుందన్నది నిజమే. తప్పు ఎక్కడుందో అంతుపట్టక లారీ వైపు వెళ్ళిపోయాడు. వంటమనిషి రజియా బీ గిన్నె అడ్డం పెట్టుకుని ఎందుకు నవ్వుతోందో కూడా అతనికి తెలియలేదు.

పోయిన జనవరిలో ఒక పొద్దున అంతా తలకిందులైంది.

ముందురోజు పగలంతా వాన. తెల్లవారేసరికి వాన వెలిసి చలి దిగింది. కోల్డ్ రూము గోడకున్న థర్మామీటరు బయట రెండు డిగ్రీలు చూపిస్తోంది. కోల్డ్ రూము లోపలికంటే బయటే చలి ఎక్కువ అనుకుంటూ బాషా టీ గ్లాసు అందుకున్నాడు. అప్పుడే ఒక హారన్ మొదలైంది. మొదలై, ఆగలేదు.

నీళ్ళ చెరువు వైపు నుంచి! చెరువంటే తోటకి నీరు నిలవచేసే పెద్ద గొయ్యి. అడుగునా గట్లకీ నల్ల ప్లాస్టిక్ పరిచి ఉంటుంది. బాషా గ్లాసు వదిలేసి పరిగెత్తాడు. బురదలో గట్టు విరిగి మినీ బస్సు ముక్కు కిందికి పెట్టి నీళ్ళలోకి దిగిపోయి ఉంది. తలుపు విరిగిపడ్డ మట్టికి ఆనుకుపోయి తెరుచుకోవడం లేదు. డ్రైవర్ సుబ్బు హారన్ మీదే వాలి ఉన్నాడు. ఆడవాళ్ళు వెనక సీట్ల మీదకెక్కి నిలబడ్డారు, నడుంలోతు నీళ్ళలో. నున్నటి ప్లాస్టిక్ మీద బస్సు ఒక్కో జానెడు లోపలికి జారుతోంది. మధ్యలో రెండు నిలువుల లోతు.

పదిమంది మగవాళ్ళు వెనక బంపరు పట్టుకుని లాగారు. బస్సుతో పాటు వాళ్ళూ జారారు.

"ట్రాక్టర్!" అని అరిచి బాషా షెడ్డుకేసి పరిగెత్తాడు. పరిగెడుతుంటేనే గుర్తొచ్చింది. ఇంకా మొదటి స్నానమే కాలేదు. మూడు స్నానాలూ అయ్యేసరికి బస్సు ఎక్కడుంటుంది?

షెడ్డు వెనక డ్రమ్ము అప్పుడే పొగలు కక్కుతోంది. బాషా కనిపించిన బకెట్టు ముంచి, చేతులు కాలుతున్నా లెక్కచెయ్యకుండా ట్రాక్టరు దగ్గరకి వచ్చాడు. "రావన్నా! ఒగ స్నానమన్నా పోస్తాం, మూత తియ్యప్పా!"

కుక్కుటేశ్వరరావు అప్పటికే సీటు మీదున్నాడు. బానెట్ మీది దుప్పటి ఒక్క లాగు లాగి అవతల పడేశాడు.

"అది దీనిక్కాదండి బాబూ! నీళ్ళలోంచి వచ్చే ఆడోళ్ళకండి! డ్రమ్ము అలా మరగనివ్వండి! పక్కకి తప్పుకోండి!"

ఇంజను హీటరు మీట నొక్కాడు. పది లెక్కపెట్టాడేమో, అంతే. తాళం తిప్పాడు. ట్రాక్టరు ఒక్కసారి దగ్గి, ఎండాకాలం మధ్యాహ్నంలా డుబడుబమంటూ మోగింది. బకెట్టు పట్టుకుని నోరు తెరుచుకుని నిలబడ్డ బాషా పక్కనుంచి టార్పాలిన్ పరదా చీల్చుకుని వెళ్ళిపోయింది.

కుక్కుటేశ్వరరావు బస్సు వెనక బంపరుకి గొలుసు కట్టించాడు. అందరూ "లాగు, లాగు" అని అరుస్తున్నా తొందరపడలేదు. చిన్న గేరు వేసి, గొలుసు బిగుసుకునేదాకా చీమ నడకలా నడిపాడు. చక్రాలు బురదలో ఒకచోట తిరిగాయి. ఆపాడు. మగవాళ్ళు షెడ్డులోంచి చెక్కలు తెచ్చి చక్రాల కిందికి తోశారు. మళ్ళీ కదిలాడు. బస్సు మూలిగింది. జారడం ఆగింది. తర్వాత అంగుళం పైకి వచ్చింది, తర్వాత అడుగు. చివరికి సందుసందునా నీళ్ళు కక్కుకుంటూ మొత్తం బస్సు గట్టెక్కి నిలబడేసరికి, తోటంతా వేసిన కేకకి హౌసుల మీది మంచు రాలింది.

తలుపు బద్దలుకొట్టి ఒక్కొక్కరినే దించారు. తొమ్మిదిమందీ ఉన్నారు. సుబ్బుకి నుదురు చిట్లింది, అంతే. ఆఖరున దిగిన వెంకటదుర్గ పళ్ళు టకటకలాడుతుంటే, "బాగానే ఉన్నావా అమ్మా?" అని బాషా అడిగాడు.

"బానే ఉన్నానండి. చెప్పొకటి పోయిందండి, కొత్తది," అంది ఆవిడ, అని ఏడుస్తూనే నవ్వేసింది.

ఇక అక్కణ్ణుంచి రజియా బీ రాజ్యం. "మొగోళ్ళంతా బయటికి!" అని షెడ్డు ఖాళీ చేయించి, చిరిగిన పరదా పిన్నీసులతో బిగించి, ఒక్కొక్కరికీ బకెట్టు చొప్పున వేడినీళ్ళు పోసింది. ఆరు దుప్పట్లూ వచ్చాయి. చాలనివాళ్ళకి మగవాళ్ళ స్వెట్టర్లు వచ్చాయి. అల్లం టీ వచ్చింది. వెచ్చబడ్డ ఆడవాళ్ళు బస్సు జారిన తీరుని ఒకరి మాటకి ఒకరు అడ్డొస్తూ చెప్పుకోవడం మొదలుపెట్టాక గానీ బాషాకి ఊపిరి ఆడలేదు. ఊపిరి ఆడాక ఆలోచన వచ్చింది. చక్రాలకి బురద గీకుతున్న కుక్కుటేశ్వరరావు పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"రావన్నా. నీళ్ళు పోయకనే స్టార్ట్ అయ్యింది."

"అయిందండి."

"ఏడేండ్లు మూడేసి స్నానాలు చేయిస్తివే."

"ఈ చలి దానికో లెక్కా అండి," అన్నాడు కుక్కుటేశ్వరరావు, తలెత్తకుండా. "ఒక్కనాడూ చుక్క నీళ్ళు అడగలేదండి."

"మరి ఆ నీళ్ళన్నీ ఎవురు పోసుకున్న్యారప్పా?"

"పీర్ సాహెబ్ మోకాళ్ళకి రెండు బకెట్లండి. రజియా బీ గారికి గిన్నెలు తోమడానికి ఒకటి, ఆవిడ చేతులు పగిలి రక్తం వచ్చేదండి. మిగిలింది, ఆ రోజు ఎవరికి జొరమో జలుబో ఉంటే వాళ్ళకి."

బాషా మొహం చిన్నబోయింది. "నాతో ఒగ మాట సెప్పింటే?"

"చెప్పి ఏం చెయ్యనండి? మీ రూల్సు తప్పని ఎప్పుడన్నా అన్నానా? నిప్పు ప్రమాదమే. గీజర్లేత్తే కోల్డ్ రూము పోవడమూ నిజమే. మీకు చెబితే ఒప్పుకోలేరు, కాదనీ అనలేరు. రాత్రుళ్ళు నిద్ర మానేసి కూచుంటారు. మీ సంగతి నాకు తెలవదా అండి?" కుక్కుటేశ్వరరావు చేతిలోని బురద దులుపుకున్నాడు. "మనిషికి చలేత్తుందంటే ఓర్చుకోమంటారండి. మిషనుకి చలేత్తుందన్నాననుకోండి, అంతా పరిగెట్టుకొత్తారు."

పది గంటలకి కబురంది బాబా వచ్చాడు. బస్సు చూశాడు, విరిగిన గట్టు చూశాడు, ఆడవాళ్ళని పలకరించాడు. చివరికి ట్రాక్టరు దగ్గర ఆగి, ఫోర్‌మన్‌ని పిలిచాడు. కుక్కుటేశ్వరరావు మంకీ క్యాపు కళ్ళమీదికి లాక్కున్నాడు. అన్వర్ బాషా అబద్ధం ఆడగా ఆ తోటలో విన్నవాడు లేడు.

"బాషా," అన్నాడు బాబా, సగం హిందీ సగం అరబ్బీలో, "స్నానం లేకుండా స్టార్ట్ అయిందటగా?"

బాషా బానెట్ మీద చెయ్యి వేశాడు. "ఈ ఒక్కరోజుకి అయింది బాబా. దానికి వయసైపోయింది. నీళ్ళు ఇంకా ఎక్కువ కావాలి. దుప్పట్లు కూడా చాలడం లేదు."

బాబా భుజాలు కదిలేలా నవ్వాడు. "పదకొండు చలికాలాలు ఈ సీటు మీద నేనే కూర్చుని దున్నాను. ఇది మేకపిల్లలా గెంతుకుంటూ లేచేది. దీనికి వేడినీళ్ళు కావాలని నాకు చెప్పినవాడు లోకంలో ఈ ఒక్కడే." కుక్కుటేశ్వరరావు వైపు వేలు చూపించాడు. "అడిగింది ట్రాక్టరు కోసం కాదని అప్పుడే తెలిసింది. నీకు తెలియదన్న సంగతి మాత్రం, ఇవాళ నువ్వు బకెట్టుతో పరిగెత్తావని విన్నాకే తెలిసింది. యల్లా, పద, కరెంటు మనిషిని పిలిపించు. వేరే లైను లాగించి పెద్ద గీజర్లు పెట్టించు."

నెల తిరక్కుండా కొత్త లైను వచ్చింది, గీజర్లు వచ్చాయి, గచ్చు చేసిన స్నానాల గది వచ్చింది. మొదటి స్నానం ఎవరిదన్న దానిమీద వాదులాట ఏమీ జరగలేదు. ఎందుకంటే రూలు పెట్టిన నాటి నుంచి ఒక్కపూటైనా దాన్ని తప్పకుండా, తొమ్మిది చలికాలాలూ చన్నీళ్ళే పోసుకున్నవాడు ఆ తోటలో ఒకడే ఉన్నాడు. కుక్కుటేశ్వరరావు అతని భుజాన తువ్వాలు వేసి, లోపలికి తోసి, బయటినుంచి తలుపు దగ్గరకి లాగాడు.

మొదట నీళ్ళ చప్పుడు. తర్వాత "అబ్బా" అని ఒక పెద్ద నిట్టూర్పు. ఆ తర్వాత, ఎవ్వరూ ఊహించనిది: పాట. రాయచోటి పెళ్ళిళ్ళలో పాడేది, పాదం పాదానికీ శ్రుతి మారిపోతున్నది, గోడలు అదిరేది. లారీ డ్రైవర్ హారన్ కొట్టబోయిన చెయ్యి వెనక్కి తీసుకుని దిగివచ్చాడు. రజియా బీ గరిటె పట్టుకుని వచ్చి నిలబడింది.

"ఈయప్పకి పాటొచ్చా!" అన్నాడు పీర్ సాహెబ్.

"రాదండి," అన్నాడు కుక్కుటేశ్వరరావు, గోడకి చేరగిలబడి ముసిముసిగా నవ్వుతూ. "అయినా ఎవరూ తలుపు కొట్టకండి. పూర్తి చేసుకోనివ్వండి."