కారు తలుపు చప్పుడు

నా చిన్నప్పుడు మేము అమెరికాలో, ఫ్రీమాంట్ ఊళ్లో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. పక్కింటి అక్కకు ఒక విచిత్రమైన విద్య వచ్చు. సాయంత్రం కింద పార్కింగ్‌లో కారు తలుపు పడిన చప్పుడు విని, బావగారు ఏ మూడ్‌లో వస్తున్నారో చెప్పేసేది. "ఈ రోజు ఏమీ అడగకూడదు" అనేది, లేదా "ఈ రోజు పర్లేదు" అనేది. ఎప్పుడూ తప్పేది కాదు. అదేదో మ్యాజిక్ అనుకుని, నాకూ నేర్పమని వెంటపడేదాన్ని.

అక్క హైదరాబాద్‌లో ఇంజినీరుగా పనిచేసి వచ్చిన మనిషి. ఇక్కడ ఆమెది భర్తను బట్టి వచ్చిన వీసా. దాని మీద అప్పట్లో ఉద్యోగం చేయడానికి వీల్లేదు గానీ చదువుకోవచ్చు. మాస్టర్స్‌లో చేరాలని ఆమె ఆశ. ఫీజుకు తను దాచుకున్న జీతం ఉంది. బావగారు ఊఁ అంటే చాలు. ఆయన చెడ్డవారు కాదు, అడిగినప్పుడల్లా "తర్వాత చూద్దాంలే" అనేవారు, అంతే. ఆయన మూడ్ బాగుండే రోజు కోసం చూస్తూ అక్క ఏడాది గడిపేసింది.

ఆ ఏడు స్కూల్లో మాకు ఒక పాత ఇంగ్లీష్ నవల ఇచ్చారు. తండ్రి పోయి, ఇల్లు చేజారిన ఒక అమ్మాయి అందులో ఇష్టం లేకపోయినా ఒక ముసలి భూస్వామిని పెళ్లాడుతుంది. నాకు ఒళ్లు మండిపోయింది. "జస్ట్ డబ్బు కోసం చేసుకుంది అక్కా. జాబ్ చేసుకోవచ్చుగా" అన్నాను. అక్క నాతో వాదించలేదు. ఒక ఆట ఆడదామంది.

ఆ శనివారమంతా మా ఎనిమిదేళ్ల తమ్ముడే ఇంటి యజమాని. జ్యూస్ తాగాలన్నా, టీవీ పెట్టాలన్నా, బయటికి వెళ్లాలన్నా వాడినే అడగాలి. అమ్మ కూడా సరేనంది. నిజం చెప్పొద్దూ, వాడు దయగల యజమానే. వీడియో గేమ్‌లో ఓడిపోయినప్పుడు మాత్రం "తర్వాత" అన్నాడు. దాంతో వాడు గెలిచేదాకా ఆగి అడగడం మొదలుపెట్టాను. మధ్యాహ్నానికల్లా, పక్కగదిలో వాడు రిమోట్ కింద పెట్టిన చప్పుడును బట్టే గెలిచాడో ఓడాడో తెలిసిపోయేది.

సాయంత్రం అక్క వచ్చి, ఎలా ఉందని అడిగింది. "వాడు నైస్‌గానే ఉన్నాడక్కా. బట్ ఓడిపోతే అడగకూడదు. సౌండ్ వింటే నాకు తెలిసిపోతుంది" అని గొప్పగా చెప్పాను.

అక్క నవ్వబోయి ఆగిపోయింది. "నేర్పమన్నావుగా, వచ్చేసింది" అంది మెల్లగా. నాకు నేర్పబోయిన పాఠం ముందు తనకే తగిలిందని ఆ మొహం చూస్తే తెలిసింది. నవల్లో ఆ అమ్మాయి జాబ్ చేసుకోవచ్చుగా అని నేను మళ్లీ అనలేదు.

అంతలో కింద కారు తలుపు ధడేలుమని పడింది. "అక్కా, ఈ రోజు అడగకు" అన్నాను.

"అడగను. ఫాల్ సెమిస్టర్‌లో మాస్టర్స్‌లో చేరుతున్నానని చెప్తాను" అని అక్క లేచి వెళ్లింది. గోడ అవతల బావగారి గొంతు పెరిగింది. అక్క గొంతు మాత్రం పెరగనూ లేదు, తగ్గనూ లేదు. ఫాల్ సెమిస్టర్ మొదలయ్యేసరికి ఆమె బ్యాక్‌ప్యాక్ తగిలించుకుని బస్సెక్కింది.

ఇప్పుడు ఆ తమ్ముడి పిల్లలే నన్ను అత్తా అని పిలుస్తున్నారు. చదువు అయిన దగ్గర్నుంచి నేను ఉద్యోగం ఏనాడూ వదల్లేదు. పెళ్లయి ఇన్నేళ్లయినా, మా ఆయన కారు తలుపు ఏ రోజు ఎలా వేస్తారో నాకు తెలియదు. నేను వినను.