ఒక చుక్క తక్కువైన 'వద్దు'

నాలో ఒక మంచి గుణం ఉంది. ఎవరైనా ఒకసారి చెప్తే చాలు, రెండోసారి చెప్పమని ఇబ్బంది పెట్టను. మొన్న ఆదివారం ఆ మంచితనం వల్లే తొండియార్‌పేటలో మా వీధి వీధంతా మా ఇంట్లో భోంచేసింది!

మేడమీద నాకో హామ్ రేడియో ఉంది, దూరపు ఊళ్ళవాళ్ళతో సొంతంగా కబురాడుకునేది. పుస్తకాలు చూసి నేనే కట్టుకున్నాను. నెల్లూరులో ఉన్న మా బావమరిదికీ ఆ పిచ్చి అంటించాను. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో, చుక్కలూ గీతల మోర్స్‌లో కొట్టుకుంటాం. ఆ ఆదివారం అత్తవారి తరఫు ఇరవై మంది నెల్లూరు నుంచి బస్సులో కంచికి పోతూ మా ఇంట్లో భోంచేయాలి. తెల్లారేసరికి ఆడంతా వాన. ట్రంకు కాల్ దొరకలేదు. రేడియో పెట్టాను.

సిగ్నల్ ఊయల్లా లేస్తోంది, పడుతోంది. పడినప్పుడు "నెమ్మదిగా కొట్టు" అనాలి, లేచినప్పుడు వేగం పెంచమనాలి. అదీ పద్ధతి. బావమరిది ముందు నెమ్మదిగా అంటే నా పరువేం కావాలి? "ఇంకా వేగంగా!" అన్నాను. గరగరలో చివరి ముక్క మాత్రం చిక్కింది: ఇరవై మందికి అన్నం వండు.

"రోడ్లు మునిగినాయంట," అంది మా ఆవిడ. "ఉన్న బియ్యమంతా పోస్తే నెలాఖరుదాకా ఏం తింటాం? వద్దు, తొందరపడొద్దు. ఇంకోసారి అడగండి."

"నా చెవికి ఇంకోసారా! పొయ్యి వెలిగించు."

రేషన్ బియ్యమంతా ఉడికింది. గుండిగెడు సాంబారు. ఒంటిగంటయింది, రెండయింది, బస్సు లేదు! మేడెక్కి మళ్ళీ పిలిచాను. ఇప్పుడు సిగ్నల్ గుడిగంటలా ఖంగుమంది.

"రోడ్డు తెగింది, మేం రాము, ఇరవై మందికి అన్నం వద్దు అని పొద్దున్నే చెప్తిని గదా బావా!"

ఇంగ్లీషులో రాస్తే 'వద్దు'కు రెండు 'డి'లు. డి అంటే ఒక గీత, రెండు చుక్కలు. మొదటి డి చివరి చుక్క సిగ్నల్ పడినప్పుడు మునిగింది. మిగిలింది ఒక గీత, ఒక చుక్క. అంటే ఎన్. వద్దు కాస్తా వండు!

వీధిలో అందర్నీ పిలిచాను. "ఏం సార్ విశేషం?" అంటే "ఊరికే, అభిమానం" అన్నాను. అందరూ చేతులు కడుక్కుని వెళ్ళాక ఆవిడకు ఆ చుక్క సంగతి వివరంగా చెప్పాను. శ్రద్ధగా వింది.

"సరి. మా తమ్ముడు నెల్లూరులో కూర్చుని వద్దంటే చుక్క పోయింది. నేను ఈడ పక్కనే నిలబడి వద్దంటిని గదా, ఏ చుక్క పోయింది?"

నెలాఖరుదాకా గోధుమ రొట్టెలే. రేడియోలో "నెమ్మదిగా" అనడం ఇప్పుడు నేర్చుకున్నాను. ఆవిడ మాట వినడం ఇంకా రాలేదు.