నీళ్ల రుచి చెప్పే బాబాయిగారు

ఆ ఏడు గోదావరిలో నీళ్లు తక్కువ. రెండో పంట దాళ్వా వరికి కాలువ నీళ్లు వంతులవారీగా వదిలారు. మాది రాజోలు దిగువన శివారు పొలం. పైవాళ్ల వంతులు తీరి మా దాకా వచ్చేసరికి కాళ్లు తడుపుకోవడానికే సరిపోయేవి. మా ఆయన కువైట్‌లో ఉంటాడు కాబట్టి బడి, పొలం రెండూ నా నెత్తినే పడ్డాయి. పిల్లలకి లెక్కలు చెప్పగలను గానీ, వరి సంగతి నాకేం తెలుసు?

చేను పొట్ట మీదుంది, కంకి బయటికి రావాలి. ఒక్క తడి అందకపోతే గింజంతా తాలే. ఇక మిగిలింది పక్కనున్న మురుగుకాలువ. సముద్రం పోటు మీదున్నప్పుడు అందులోకి ఉప్పునీరు ఎగదన్నుతుంది. మా ఆయన ఫోన్లో "ఇంజన్ పెట్టి తోడెయ్" అన్నాడు. మా అత్తగారు "వద్దే తల్లీ" అన్నారు. ఉప్పుందో లేదో చూద్దామని నేనే దోసెడు నీళ్లు తీసి నోట్లో పోసుకున్నాను. పొద్దున తిన్న ఆవకాయన్నం రుచి తప్ప ఏమీ తెలియలేదు. నా మీద నాకే ఒళ్లు మండింది.

ఇలాంటప్పుడు మా ఊరివాళ్లంతా పక్కచేను బాబాయిగారినే అడుగుతారు. ఆయన నీళ్లు పుక్కిటపట్టి ఉమ్మేసి, పెట్టొచ్చో లేదో తేల్చేస్తారు. నేనూ ఆయన్నే పిలిచాను. ఆయన పుక్కిలించి నా మొహంలోకి చూశారు.

"మీరు చూసేరా టీచరుగారండీ?"

"చూశాను. ఉప్పేమీ తెలియలేదు."

"ఆయ్, అయితే పర్లేదండి. పెట్టేయండి."

నా చేనుకి మూడు గంటలు ఇంజన్ ఆడింది. తర్వాత ఆయనా తన చేనుకి పెట్టుకున్నారు. నాలుగో రోజుకి ఆకుల కొసలు తెల్లగా మాడాయి. గట్టిగా దులిపేద్దామని ఆయన గట్టు మీదకి వెళ్లాను. ఆయన చేనూ మాడే ఉంది.

"పోయినేడు జొరమొచ్చిన కాణ్ణించీ నాకు రుచి తెలీదండి. మీరు ఉప్పు లేదన్నారు కదా అని..."

"ఆ మాట ముందే చెప్పొచ్చుగా బాబాయిగారూ!"

"చెబితే ఇంకెవరొస్తారండీ నా దగ్గరికి?"

కోపం వచ్చింది, జాలీ వచ్చింది. నేను ఆయన నాలుకని నమ్మితే ఆయన నా మాట నమ్మారు. గుడ్డెద్దు చేలో పడ్డట్టయింది ఇద్దరి పనీ.

తర్వాతి వంతుకి కాలువ నీళ్లు కాస్త నిండుగా వచ్చాయి. చేలో నిలగట్టి, తీసేసి, ఉప్పు కడిగాం. సగం చేను తేరుకుంది.

ఆ వారంలోనే పైచేను రైతు ఒకాయన బాబాయిగారిని మురుగుకాలువ దగ్గరికి పిలిచాడు. నేనూ అక్కడే ఉన్నాను. ఆ రోజు ఆవకాయ ముట్టలేదు. మొహం కడుక్కునే వంకతో వంగి కాసిని నీళ్లు నోట్లో పోసుకున్నాను. ఉప్పగానే అనిపించింది, నిజంగా ఉప్పో నా భయమో చెప్పలేను. బాబాయిగారు నీళ్లు పుక్కిటపట్టి నా వైపు చూశారు. నేను వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాను.

ఆయన ఉమ్మేసి, "ఉప్పండీ, పెట్టకండి" అన్నారు గట్టిగా.