రుమాలు కింద మాట

కొత్తపేటలో పాత పండ్ల మార్కెట్టు వెనక సందులో ఒక షట్టర్ ఉంది. ఇటు జిరాక్సు షాపు, అటు టైలరు, మధ్యలో ఇది. పైన పెయింటర్ మహేందర్ రాసిచ్చిన బోర్డు: "పండ్ల మార్కెట్టు మ్యూజియం. ప్రవేశం ఉచితం." మిగతా అక్షరాల కంటే 'ఉచితం' అన్నదాన్ని రెండింతలు పెద్దగా రాశాడు మహేందర్. అయినా ఎవరూ రారు.

రోజూ పొద్దున తొమ్మిదింటికి బక్కయ్య ఆ షట్టర్ లేపుతాడు. లేపీ లేపగానే పాత వరిగడ్డి వాసన, ఎన్నడో ఎండిపోయిన బత్తాయి తొక్కల వాసన కలిసి బయటికొస్తాయి. కొందరు పొద్దున్నే కాఫీ వాసన కోసం ముక్కు ఎగబీలుస్తారు చూడండి, అలా గుమ్మంలో నిలబడి ఆ వాసన పీల్చుకుంటాడు. తర్వాత కాంటా తుడుస్తాడు. చెక్క డబ్బాలు తుడుస్తాడు. డబ్బాల మీద మండీ పేరు కొట్టే అచ్చు రేకుల్ని ఒక్కొక్కటే మేకు నుంచి తీసి, తుడిచి, మళ్ళీ అదే మేకుకు తగిలిస్తాడు. ఆఖరున గోడకు వేలాడే ఎర్ర రుమాలును దులిపి, మడత పోకుండా వేస్తాడు. పదింటికల్లా పని అయిపోతుంది. ఇక స్టూలు మీద కూర్చుని సందులోకి చూడటమే.

బక్కయ్యది నల్లగొండ పక్క ఊరు. పదహారేళ్ళప్పుడు బత్తాయి లారీ ఎక్కి, కాయల మీదే నిద్రపోయి, లేచేసరికి కొత్తపేటలో ఉన్నాడు. ఎనిమిదేళ్ళు హమాలీగా మూటలు మోశాడు. ఒకరోజు భానుమూర్తి అనే కమీషన్ ఏజెంటు అతని చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. భానుమూర్తిది గోదావరి వైపు, మాట తక్కువ మనిషి. "ఇవి మూటలు మోసే వేళ్ళు కాదురా. రేపట్నుంచి మండీలో కూర్చో" అన్నాడు. అంతే. ఆ రేపు ముప్పై ఏళ్ళు సాగింది.

ఆ మండీలో ధరలు నోటితో చెప్పుకునేవారు కాదు. చుట్టూ పదిమంది కొనేవాళ్ళు నిలబడి ఉంటారు. ఒకడికి చెప్పిన ధర ఇంకొకడి చెవిన పడకూడదు. అందుకని రుమాలు కప్పి, దాని కింద చేతిలో చెయ్యి పెట్టి, వేళ్ళతో బేరం. భానుమూర్తి తరఫున ఆ రుమాలు కిందికి వెళ్ళే చెయ్యి బక్కయ్యది. సందు చివర టీ కొట్టులో కూడా అతన్ని 'భానుమూర్తి సేటు చెయ్యి' అనే అనేవాళ్ళు.

తర్వాత మార్కెట్టు ఊరి బయటికి తరలిపోయింది. షెడ్లు కూల్చారు, ఆ జాగాలో పెద్ద దవాఖాన లేస్తోంది. భానుమూర్తి వయసు అయిపోయిందని మండీ మూసేశాడు. కూల్చే రోజుల్లో బక్కయ్య ఆ దుమ్ములో తిరిగి, ఎవరూ వద్దనుకున్నవన్నీ ఏరుకొచ్చాడు. అతని భార్య కిష్టమ్మ రైతుబజారులో ఆకుకూరలు అమ్ముతుంది. ఆమె వాకిట్లో నిలబడి, "అందరు పాత సామాన్లు అమ్ముకుంటరు, మా ఆయన ఎదురు మోసుకొస్తడు. గీ కాంటా ఇంట్ల వెట్టి నన్ను బజాట్ల పండుకోమంటవా?" అని కేకలేసింది. ఆ సంగతి భానుమూర్తి దాకా పోయింది. "మా ఇంటి కింద షట్టర్ ఖాళీగానే ఉందిగా. పెట్టుకోరా" అన్నాడాయన. కాగితం లేదు, కిరాయి లేదు. ఆ ఒక్క మాట మీద మూడేళ్ళు గడిచాయి.

పోయిన వారం భానుమూర్తి కొడుకు వినయ్ టేపు పట్టుకుని వచ్చి గోడలు కొలిచాడు. వినయ్‌కి చైతన్యపురిలో కొరియా వంటల హోటలుంది. కోచింగు పిల్లలు, హాస్టలు పిల్లలు రోడ్డు మీద దాకా బారులు తీరుతారు. "రెండోది ఇక్కడ పెడదామని అంకుల్. నాన్నగారు మీతో మాట్లాడతారు" అని టేపు చుట్టేసుకుని వెళ్ళిపోయాడు.

నాన్నగారు మాట్లాడలేదు. ఎనిమిది రోజులుగా కిందికే దిగలేదు. బక్కయ్య అయినా మెట్లెక్కి అడగొచ్చు. ఎక్కలేదు. అడిగితే చెప్తాడు సేటు, చెప్పాడంటే ఇక తిరుగు ఉండదు. ఆయన నోటి నుంచి మాట రానంతసేపు షట్టర్ తనదే. అది పోతే ఈ సామాను పెట్టుకోవడానికి ఇంకో చోటు లేదు. తూకానికి పాత ఇనుము, పొయ్యిలోకి చెక్క, అంతే.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఒక జంట గుమ్మంలో నిలబడింది.

"జిరాక్సు పక్కదమ్మా, ఇయ్యాల బందున్నది" అన్నాడు బక్కయ్య లేవకుండానే.

"జిరాక్సు కాదు బాబాయి గారూ, మ్యూజియం! ఇదేనా?" అంది ఆ అమ్మాయి. ఆమె పేరు బిందుమాధవి, పక్కన ఎర్రబడ్డ పెదాలతో నీళ్ళ సీసా ఎత్తి తాగుతున్నవాడు ఆమె భర్త అభిరామ్. రాజమండ్రి నుంచి రెండు రోజులు సెలవు పెట్టుకుని వచ్చారు.

బక్కయ్య గబుక్కున లేచాడు. స్టూలు పడిపోయింది.

"చార్మినారూ సాలార్‌జంగూ ఎప్పుడో చూసేశామండీ. ఈసారి జనం చూడనివి చూద్దామని లిస్టు రాసుకొచ్చాను. మీది ఎవరో హాస్టలు అమ్మాయి ఫోటోలు తీసి పెట్టింది నెట్‌లో."

"నిన్న నాణేలు, పొద్దున రాళ్ళు, ఇప్పుడు డబ్బాలు" అన్నాడు అభిరామ్. "మధ్యమధ్యలో నా నోట్లో నిప్పులు. కొరియా వాళ్ళకి మన గుంటూరు వాళ్ళతో ఏం పగో తెలీదు బాబాయి గారూ, కారంలో పోటీకొచ్చారు."

"మూడు గిన్నెలు తిన్నాడు, ఇప్పుడు ఏడుస్తున్నాడు" అంది బిందుమాధవి. "చైతన్యపురిలో తిన్నాం. ముప్పావుగంట నిలబడ్డాం. అయినా భలే ఉందిలెండి. ఇక్కడెక్కడో ఇంకోటి పెడతారట కదా?"

"పెడ్తరంటమ్మా" అన్నాడు బక్కయ్య, మేకు నుంచి అచ్చు రేకు తీస్తూ.

అన్నీ చూపించాడు. ఎన్నాళ్ళుగానో మూతపడ్డ నోరు తెరుచుకున్నట్టు మాటలు వచ్చాయి. గడ్డి ఎట్ల పరుస్తరు, కాయ ముచ్చిక ఎటు దిక్కు పెడ్తరు, మాగిన కాయ ఏదో కండ్లు మూసుకుని ఎట్ల చెప్తరు. బిందుమాధవి ప్రతిదానికీ ఫోటో తీసింది. చివరికి ఎర్ర రుమాలు దగ్గర ఆగింది.

"ఇది మీ భుజమ్మీదిదా?"

"గదే మ్యూజియం బిడ్డా. మిగిలినయ్ అన్ని దాని కింద" అన్నాడు బక్కయ్య. రుమాలు తీసి ఆమె చేతి మీద కప్పి, కింద తన చెయ్యి పెట్టాడు. "నీ రెండు వేళ్ళు పట్టిన. రెండన్నట్టు. మొత్తం పంజా పట్టిన, ఐదు. వందలా వేలా అన్నది ముందే నోటితోని అనుకుంటరు."

"అరే, భలే!"

"ఇగ జర జాగ్రత్తగా చూడు. మణికట్టు పట్టిన. గిది ధర కాదు. సరుకు ఇంకొకనికి ఒప్పుకున్న, ఇగ నన్ను అడగకు అన్నట్టు. అరచేతిల గోరుతోని గీకిన. ఎన్నిసార్లు గీకితే అన్ని రోజులల్ల సరుకు లేపుకపోవాలె."

"ఒప్పుకున్నామని ఎలా చెప్తారు మరి?"

"ఎదుటోని పిడికిలి మనం మూయాలె. మూసినమా, ఖాయం. దేవుడొచ్చినా తిరగదు. మూయకుంటే పొద్దుగూకేదాంక బేరం ఇంక నడుస్తున్నట్టే." బక్కయ్య నవ్వాడు. "ఇంకోటి. ముఖం మీద ఈగ వాలినా కదలొద్దు. రుమాలు కింద అయింది రుమాలు కిందనే. బయట నోరిడిచి అడుగుడు లేదు, కొట్లాడుడు లేదు."

"అయితే ఇద్దరు నిజంగా చేస్తుంటే చూడాలి. వీడియో తీస్తాను. ఈ భాష వచ్చినవాళ్ళు ఇంకెవరూ లేరా?"

బక్కయ్య తలెత్తి పై మెట్ల వైపు చూశాడు. చూడకుండా ఉండాల్సింది. "పైన సేటు ఉన్నడు. గాని పాణం బాగలేదు, ఒద్దులే బిడ్డా" అంటూనే ఉన్నాడు, అభిరామ్ అప్పటికే మెట్లెక్కేశాడు.

కాసేపటికి గోడ పట్టుకుని భానుమూర్తి దిగాడు. బనీను మీద శాలువా, గడ్డం మాసి ఉంది. ఎనిమిది రోజుల్లో మనిషి ఇంత సన్నబడతాడా అనుకున్నాడు బక్కయ్య.

"ఏరా."

"సేటు."

భానుమూర్తి కాంటా వైపు చూశాడు, డబ్బాల వైపు చూశాడు. బక్కయ్య వైపు చూడలేదు. స్టూలు మీద కూర్చుని చెయ్యి చాపాడు. బక్కయ్య డబ్బా మీద ఎదురుగా కూర్చుని రుమాలు కప్పాడు.

"బంగినపల్లి. వందలు" అన్నాడు బక్కయ్య పాత గొంతుతో. బిందుమాధవి ఫోను ఎత్తి పట్టుకుంది.

రుమాలు కింద సేటు చెయ్యి చల్లగా ఉంది. బక్కయ్య నాలుగు వేళ్ళు పట్టాడు. నాలుగొందలు. సేటు ఐదు అనాలి, తను నాలుగున్నర అనాలి, చూసేవాళ్ళకు అదే సరదా. కానీ ఆ వేళ్ళు తన వేళ్ళను పట్టలేదు. పాకుతూ వెనక్కి వెళ్ళి మణికట్టు పట్టుకున్నాయి.

మరిచిపోయినట్టున్నాడు ముసలాయన, అనుకున్నాడు బక్కయ్య. మెల్లిగా విడిపించుకుని మళ్ళీ నాలుగు పట్టాడు. మళ్ళీ మణికట్టే. ఈసారి గట్టిగా. తర్వాత అరచేతిలో గోరు గీసింది. ఒకటి. రెండు. మూడు.

సందులో ఎవరిదో బండి హారను కొట్టుకుంటూ పోయింది. బక్కయ్య ముఖం కదలలేదు. ముప్పై ఏళ్ళ అలవాటు అది, అక్కరకొచ్చింది. ఎదుటి ముఖమూ కదలలేదు. చెయ్యి తీసేసుకున్నాడు బక్కయ్య. పిడికిలి మూయలేదు.

"అయిపోయిందా? ఎంతకి కుదిరింది?" అంది బిందుమాధవి ఆత్రంగా.

"నాలుగున్నరకమ్మా" అన్నాడు బక్కయ్య.

"అబ్బ, నాకేం అర్థమవలేదు! మొహాలు రాళ్ళలా పెట్టారు ఇద్దరూ." ఫోను వైపు చూసుకుని నాలిక కరుచుకుంది. "అయ్యో, వీడియో ఆన్ అవలేదండీ. నేనే నొక్కలేదు. బాబాయి గారూ, ప్లీజ్, ఇంకొక్కసారి!"

భానుమూర్తి లేవబోయినవాడు ఆగి, మళ్ళీ కూర్చున్నాడు. చెయ్యి చాపాడు.

రుమాలు మళ్ళీ పడింది. ఈసారి బక్కయ్య ఏ ధరా చెప్పలేదు, ఊరికే చెయ్యి పెట్టి ఉంచాడు. మణికట్టు మీద అదే పట్టు. గోరు, ఒకటి, రెండు, మూడు. మూడో గీత సగంలో ఆగి, మళ్ళీ మొదలై పూర్తయింది.

మూయకుండా లేచిపోవచ్చు. బేరం నడుస్తున్నట్టే. ఆ సంగతి సేటుకు తెలుసు. బక్కయ్య మూయకపోతే ఆయన కొడుకుతో ఏం చెప్తాడో, ఇంకెన్ని రోజులు మెట్లు దిగకుండా ఉంటాడో. ఒక చెడ్డ మాట నోటితో చెప్పలేక ఎనిమిది రోజులు అన్నం మానేసినట్టున్నాడు. చెప్పడానికి ఇదొక్కటే దొరికింది ఆయనకు. బక్కయ్యకు జాలేసింది. కోపమూ వచ్చింది. రెండూ ఒకే చేతిలో ఉన్నాయి, విడదీయడం రాలేదు. సేటు చిటికెన వేలు మొద్దుబారి పక్కకు ఒరిగి ఉంది. మిగతా వేళ్ళను మడిచి, దాన్ని కూడా లోపలికి తోసి, ఆ పిడికిలిని తన పంజాతో మూశాడు.

"వచ్చింది, వచ్చింది! సూపర్!" అని చప్పట్లు కొట్టింది బిందుమాధవి.

భానుమూర్తి గోడ పట్టుకుని లేచాడు. మొదటి మెట్టు మీద ఆగి, వెనక్కి తిరగకుండా, "భోంచేశావట్రా?" అన్నాడు.

"చేసిన సేటు."

చూడవచ్చినవాళ్ళ కోసం పెట్టిన పుస్తకంలో ఆ జంట ఏదో రాసి సంతకాలు పెట్టింది. ఎండాకాలం పిల్లల్ని తీసుకొస్తామంది. "రాండ్రి" అన్నాడు బక్కయ్య. ఎల్బీ నగర్ మెట్రో దగ్గర టర్కీ ఐస్‌క్రీము దొరుకుతుందట, దానితోనైనా నోరు చల్లబడుతుందేమోనని అభిరామ్ ఆటో పిలిచాడు. సందు మలుపు తిరిగేదాకా బిందుమాధవి చెయ్యి ఊపుతూనే ఉంది.

సాయంత్రం రైతుబజారు నుంచి ఖాళీ గంపతో కిష్టమ్మ వచ్చింది. గుమ్మంలోనే మొదలుపెట్టింది. "సేటు కిందికి దిగిండంట గద? టైలరు చెప్పిండు. ఏమన్నడు?"

"తిన్నవా అన్నడు."

"గంతేనా?"

"గంతే."

"చూసినవా! సేటు గసొంటోడు కాదని నేను చెప్పలే? వారం సంది నువ్వు పరేషాన్, నన్ను పరేషాన్ చేస్తివి. బువ్వ సరిగ తినకపోతివి." ఆమె ముఖం తేటపడింది. గంప అడుగున మిగిలిన నాలుగు బంతిపూలు తీసి బోర్డు మేకుకు గుచ్చింది. అప్పుడు చూసింది, అతని చేతిలో సుతిలి తాడు చుట్టను.

"గా తాడెందుకు?"

"డబ్బాలు వదులైనయ్. కడ్దామని."

"ఒక్కనితోని ఏమైతది? ఉండు" అంది కిష్టమ్మ. కొంగు దోపుకుని కింద కూర్చుని, మొదటి డబ్బా రెండో కొస గట్టిగా పట్టుకుంది.