బావ ఎర్ర కారు, రెండు బూట్ల డబ్బాలు

ఫోన్ గోడకి కట్టేసి ఉండే రోజులవి. ఇప్పటిలా అది మన జేబులో తిరిగేది కాదు, మనమే దాని చుట్టూ తిరిగేవాళ్లం. జెర్సీ సిటీలో మా అక్కా బావా అద్దెకుండే ఇంట్లో, వంటగది గోడకి పసుపు రంగు ఫోన్ ఒకటి ఉండేది, మెలికల తీగతో. నేను హైదరాబాద్ నుంచి వచ్చిన ఆరు నెలల్లో ఆ తీగని లాగి లాగి, ముందు సోఫా దాకా, తర్వాత బాత్‌రూమ్ గుమ్మం దాకా సాగదీశాను. "దీనికి సంబంధాలు చూడక్కర్లేదండీ, ఆ ఫోన్‌కే ఇచ్చి చేసేద్దాం" అనేది అక్క. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. కంప్యూటర్ క్లాసులు వారానికి మూడు రోజులే ఉండేవి. కోపం మాత్రం ఏడు రోజులూ ఉండేది. రాంగ్ నంబర్ వాళ్లతో కూడా పది నిమిషాలు పోట్లాడి గానీ పెట్టేదాన్ని కాదు. అందుకే బావ నన్ను 'టపాకాయ్' అని పిలిచేవాడు. (అక్కకి మొగుడు కాకముందు నుంచీ ఆయన మా మేనత్త కొడుకే. అందుకని నేను ధైర్యంగా 'నువ్వు' అనేదాన్ని, ఆయన ధైర్యంగా పేర్లు పెట్టేవాడు.)

బావ ఒక మెషిన్ షాపులో పనిచేసేవాడు. లేత్ మీద ఇనుమును వెన్నలా చెక్కే చెయ్యి ఆయనది. నోరు మాత్రం దాదాపు లేనట్టే. ఫోర్‌మన్ ఏమన్నా నవ్వేసి ఊరుకునేవాడు. ఆయనకున్న ఒకే ఒక్క పిచ్చి వెనకవైపు గరాజ్‌లో ఉండేది: ఒక ఎర్రటి ఇటలీ స్పోర్ట్స్ కారు. నేను రాకముందు, డెబ్బైల చివర్లో, వీధి చివర మంగలి షాపు నడిపే ఇటలీ తాత దగ్గర కొన్నాడట. తాత దాన్ని కొత్తగా ఉన్నప్పుడే కొన్నాడు. షాపు మూసేస్తూ, "మావాళ్ల చేతికిస్తే పాడుచేస్తారు, నీ చెయ్యి మంచిది" అని బావకి చవగ్గా ఇచ్చేశాడు. కారుతోపాటు రెండు బూట్ల డబ్బాలు కూడా ఇచ్చాడు. అప్పట్లో అది ఉత్త పాత కారు. వానొస్తే స్టార్టయ్యేది కాదు, ఎండొస్తే నడిరోడ్డు మీద ఆగిపోయేది. అక్క కూరగాయలకి బస్సులోనే వెళ్లేది. "ఇద్దరే పట్టే కారు, అందులో ఒకరు ఎప్పుడూ దిగి తొయ్యాలి" అని దాని గురించి అందరికీ చెప్పేది.

అలాంటి కారుకి ఎనభైల మధ్యలో ఎక్కడలేని గిరాకీ వచ్చింది. ఓ ఆదివారం దోసెలు తింటూ బావ మాకు వివరించాడు. ఆయన వరసగా నాలుగు వాక్యాలు మాట్లాడటం నేను అప్పుడే విన్నాను. "అవి చేసిందే తక్కువ. అందులో సగం తుప్పు పట్టిపోయాయి. మిగిలిన వాటికి చాలామంది ఇంజిన్ పీకేసి ఇక్కడి ఇంజిన్ పెట్టించుకున్నారు. మన బండిలో పుట్టినప్పటి ఇంజినే ఉంది." తర్వాత చట్నీ వేసుకుంటూ, మామూలు విషయంలా ఇంకో మాట అన్నాడు. రైల్వే లైను పక్కన ఒక షెడ్డు ఖాళీగా ఉందని, ఓనర్ నెలాఖరు దాకా ఆగుతానన్నాడని, కారు అమ్మితే ఆ షెడ్డూ రెండు లేత్ మెషిన్లూ వచ్చేస్తాయని. అక్క పెనం మీద దోసె మర్చిపోయింది. "అంటే... ఇంక ఆ ఫోర్‌మన్ దగ్గరికి వెళ్లరా?" అంది. బావ నవ్వాడు, కానీ అది ఫోర్‌మన్ ముందు నవ్వే నవ్వు కాదు.

పేపర్లో ప్రకటన వేశారు. ఫోన్లు ఎత్తే పని సహజంగానే నాకు పడింది. "వచ్చిన వాళ్ల పేరూ నంబరూ రాసుకో. అంతే. కారు జోలికి వెళ్లకు" అన్నాడు బావ. ఆ రెండో మాట నా చెవికి ఎక్కలేదు. ఎందుకంటే బండి అమ్మడం గురించి నాకు బావకన్నా ఎక్కువ తెలుసని నా నమ్మకం. మా నాన్న చిక్కడపల్లిలో స్కూటర్ అమ్మినప్పుడు నేను దగ్గరుండి చూశాను. దానికి రంగు వేయించి, కొత్త సీటు కవర్ తొడిగించి, పాత రిపేర్ బిల్లులన్నీ స్నానాల బాయిలర్ కింద వేసేశాడు. "ఇన్నిసార్లు మెకానిక్ దగ్గరికి వెళ్లిందని తెలిస్తే ఎవడు కొంటాడే?" అన్నాడు. ఆ స్కూటర్ మర్నాడే అమ్ముడుపోయింది. (కొన్నాయన నెల తిరక్కుండా మా ఇంటి ముందుకొచ్చి అరిచాడు. ఆ భాగం నాకు అప్పుడు గుర్తు రాలేదు.)

బుధవారం ఒక ముసలాయన ఫోన్ చేశాడు. గొంతు ఇసక్కాగితంలా ఉంది. ఇంజిన్ మార్చారా అని అడిగాడు, లేదన్నాను. రంగు మార్చారా అన్నాడు, లేదన్నాను. "ఇన్నేళ్లలో దానికి ఏమేం పనులు చేయించారు?" అన్నాడు. నేను సోఫాలో నిటారుగా కూర్చున్నాను. దొరికాడ్రా అనుకున్నాను.

"ఏమీ లేదు సార్. ఒక్క రిపేర్ లేదు."

"ఒక్కటీ లేదా?"

"ఒక్కటంటే ఒక్కటి లేదు."

"అది నా కళ్లతో చూడాలి. శనివారం వస్తా. అమ్మాయ్, అప్పటిదాకా కారు కడక్కు" అని పెట్టేశాడు.

నేను అబద్ధాలకోరునని అర్థమొచ్చేలా మాట్లాడటమే కాక, కారు కడగొద్దని నాకు ఆర్డరు వెయ్యడమా! ఒళ్లు మండిపోయింది. ఆయన నంబర్ రాసుకోడానికి ఏ కాగితం దొరకక, బావ ఆ పొద్దున సర్దుతూ టేబుల్ మీద వదిలేసిన బూట్ల డబ్బాలోంచి ఒక పాత చీటీ లాగాను. దాని వెనక నంబర్ రాసి, కింద తెలుగులో 'ముసలాడు. పొగరుబోతు' అని రాసి, ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెట్టాను. అప్పుడు చూశాను ఆ డబ్బాల్లో ఏముందో. బిల్లులు! రెండు డబ్బాల నిండా రిపేర్ బిల్లులు. ఇటలీ భాషలో కొన్ని, ఇంగ్లీషులో కొన్ని, నూనె మరకలతో, అరిగిపోయిన టైర్ల దగ్గర్నుంచి పగిలిన అద్దం దాకా. ఆ ముసలాడు శనివారం వచ్చి ఇవి చూస్తే నా మాట ఏం కాను? షెడ్డు ఏం కాను? బావకి లౌక్యం లేదు, ఇవన్నీ తీసి ముందు పరిచేస్తాడు కూడా.

గురువారం పొద్దున చెత్త బండి వచ్చేది. రెండు డబ్బాలూ కూరగాయల తొక్కల సంచిలో వేసి, ముడి బిగించి, నేనే స్వయంగా రోడ్డు మీద పెట్టొచ్చాను. అంతటితో ఆగానా? కారు కడిగాను, వద్దన్నాడు కాబట్టి రెండుసార్లు కడిగాను. తలుపు మీద గీతలు కనిపిస్తే నా గోళ్లరంగు పూశాను. రంగు సరిగ్గా సరిపోయింది కూడా. ఆ రోజంతా నా తెలివికి నేనే మురిసిపోయాను.

శనివారం ముసలాయన వచ్చాడు. బట్టతల మీద ఉన్ని టోపీ, చేతిలో టార్చి, ఇంకో చేతిలో పొడుగు పుల్లకి కట్టిన చిన్న అద్దం. గరాజ్‌లో అట్టముక్క పరిచి కారు కిందకి దూరాడు. కింద నుంచి ఆయన ఇంజిన్ మీది నంబర్ చదువుతుంటే, పైనుంచి బావ కారుకి బిగించిన రేకు పలక మీది నంబర్ చదివాడు. ఒక్కో అంకె కలుస్తుంటే, పెళ్లిచూపుల్లో జాతకాలు కలిసినట్టు ఇద్దరి మొహాలూ వెలిగిపోయాయి. తలుపు దగ్గర మాత్రం ముసలాయన ఆగి, వంగి, వాసన చూశాడు. "ఇదేమిటి?" అన్నాడు. "చెర్రీ" అన్నాను, సీసా మీద పేరు అదే మరి. ఆయన నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "పర్లేదు, తుడిస్తే పోతుంది" అన్నాడు.

అందరం వంటగదిలో కూర్చున్నాం. అక్క కాఫీ ఇచ్చింది. ముసలాయన చేతులు రుద్దుకుంటూ, "కారు బాగుంది. ఇక కాగితాలు. ఫోన్లో ఈ అమ్మాయి ఒక్క రిపేరూ లేదంది, నేను నమ్మలేదు. ఏ పనీ చేయించకుండా ఈ కారు ఇన్నేళ్లు బతకదు" అన్నాడు.

బావ నవ్వాడు. "దానికి తెలీదు సార్. మొదటి రోజు నుంచి ప్రతి బిల్లూ ఉంది. మంగలి తాతవి, తర్వాత నావి. టపాకాయ్, ఆ రెండు డబ్బాలు పట్రావే."

నేను కదల్లేదు.

"ఏమే?"

"పారేశాను."

"పారేశావా? ఎక్కడ?"

ఆ క్షణంలో నేను చెయ్యాల్సిన పని ఒక్కటే ఉంది. నేను దానికి సరిగ్గా వ్యతిరేకం చేశాను. "నీ కోసమే పారేశాను! ఎన్ని రిపేర్లో చూస్తే ఎవడు కొంటాడు? నీకు అమ్మడం చేతకాదని నేను చేశాను! తప్పా?" అని ఇల్లెగిరిపోయేలా అరిచాను. అక్క "నోర్ముయ్" అంది. బావ లేచి వెళ్లి ఆ డబ్బాలుండే అల్మారా తెరిచి, ఖాళీ అర ముందు కాసేపు నిలబడి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

ముసలాయనకి తెలుగు రాకపోయినా అంతా అర్థమైంది. మెల్లిగా చెప్పాడు. ఇంజిన్ ఒక సగమట, కాగితాలు ఒక సగమట. కాగితాలుంటే ఈ కారు ఎవరి చేతిలో ఎలా బతికిందో చెప్పొచ్చు, కాగితాలు లేకపోతే అది ఉత్త అందమైన ఎర్ర కారట. ఆ మాటలు చెబుతూనే ఫ్రిజ్ మీదున్న చీటీలో తన నంబర్ చూసుకుని, తీసి తిప్పాడు. అవతలి వైపు మంగలి తాత పేరు, కారు నంబరు, మొట్టమొదటి సర్వీసు ముద్ర. "ఇదిగో, నేను వచ్చింది దీని కోసం" అన్నాడు. ఒక్క చీటీ. మళ్లీ వెనక్కి తిప్పి, నా గుండ్రటి అక్షరాల మీద వేలు పెట్టాడు. "ఇదేం భాష? ఏం రాసుంది?"

బావ చీటీ తీసుకుని చదివాడు. షెడ్డు, రెండు లేత్‌లు, ఫోర్‌మన్ మొహం చూడక్కర్లేని రోజులు, అన్నీ ఆ పూటే పోయిన మనిషి ఆయన.

"'గౌరవనీయులైన పెద్దమనిషి' అని రాసుంది సార్" అన్నాడు.

ముసలాయన టోపీ సర్దుకుని నావైపు చూసి తల వంచాడు. అనుకున్న దాంట్లో సగానికి కాస్త పైన ఇచ్చి కారు తీసుకెళ్లాడు, చీటీతో సహా. షెడ్డు వేరేవాళ్లకి పోయింది, అందులో బట్టలుతికే మెషిన్లు పెట్టారు. బావ ఒక పాత లేత్ కొనుక్కుని, ఖాళీ అయిన ఆ గరాజ్‌లోనే పెట్టుకుని, పొద్దంతా ఫోర్‌మన్ దగ్గర పనిచేసి వచ్చి సాయంత్రాలు సొంత పని చేసుకునేవాడు. సొంత షాపు పెట్టేసరికి ఇంకో ఆరేళ్లు పట్టింది, జుట్టు సగం నెరిసింది. నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే నేనూ అరిచి, ఏడ్చి, క్షమించమని అడిగి తేల్చేసుకునేదాన్ని. ఆయన అనలేదు, నేను అడగలేదు.

ఇప్పుడు నా ఫోన్‌కి తీగ లేదు, అయినా నా చెయ్యి వదలదు. లంచ్ టైమ్‌లో పాత కార్ల వేలాలు చూడటం నాకు అలవాటు. (కొనడానికి కాదు. నాకేదో శిక్ష అనుకోండి.) పెట్రోలు బిల్లు నుంచి ప్రతి బిల్లూ ఫొటో తీసి దాచుకుంటానని మా పిల్లలు నవ్వుతారు. మొన్న ఒక ఎర్ర కారు వచ్చింది. నంబర్ చూడగానే గుర్తుపట్టాను. ధర చూసి ఒకసారి ఫోన్ బోర్లా పెట్టేశాను. మళ్లీ తీసి చదివితే, 'పాత చరిత్రకి దొరికిన ఆధారం ఒకే ఒక్క చీటీ' అని రాసి, దాని ఫొటో రెండు వైపులా పెట్టారు. వెనకవైపు ఫొటో కింద వివరణ కూడా ఉంది: భారతీయ భాషలో చేతిరాత, అర్థం 'గౌరవనీయులైన పెద్దమనిషి'.

వెంటనే అరోరా అనే ఊరికి ఫోన్ చేశాను. బావా అక్కా ఇప్పుడు అక్కడే, కూతురి దగ్గర ఉంటున్నారు. అంతా చదివి వినిపించి, "బావా, సారీ" అన్నాను. నలభై ఏళ్ల ఆలస్యంగా.

"దేనికే?" అన్నాడు.

"ఆ డబ్బాలకి. ఆ రోజు అరిచినందుకు."

"ఆ తలుపు మీద నీ గోళ్లరంగు పోయిందో లేదో ఫొటోలో చూశావా?" అని అడిగాడు.

చూశాను. పోయింది.

ఫోన్ పెట్టేశాక, ఆ వేలం వాళ్లకి ఒక మెసేజ్ టైప్ చేశాను: 'అయ్యా, మీ అనువాదం తప్పు. అసలు అర్థం ఏమిటంటే' అని మొదలుపెట్టి, చివరిదాకా రాసి, ఒక్కో అక్షరం వెనక్కి చెరిపేశాను.