మోకాళ్ళ మీది మట్టి

ఎవరో రాసిన ప్రోగ్రాంలో తప్పులు పట్టుకోవడం నా ఉద్యోగం. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకమంతా హడలిపోతున్న రోజుల్లో సింగపూరు నాలాంటివాళ్ళను పిలిచి మరీ పెట్టుకుంది. ఆఫీసులో జీతం తెచ్చిపెట్టే గుణమే ఇంట్లో జబ్బుగా మారుతుందని అప్పట్లో నాకు తెలియదు. "అన్నం ఉడికిందని చెప్పినా మెతుకు నొక్కి చూస్తారు మీరు" అనేది మా ఆవిడ.

ఆ ఏడు మా పిల్లలిద్దరూ బేస్‌బాల్‌లో చేరారు. అమ్మాయికి పదకొండు, అబ్బాయికి తొమ్మిది. యీషున్ అనే పేటలో మా బ్లాకులోనే మూడో అంతస్తులో ఉండే తైవాన్ కుటుంబం, వాళ్ళ పిల్లాడితో పాటు మా ఇద్దరినీ శనివారాలు వ్యానులో తీసుకెళ్ళి తీసుకొచ్చేది. నాకు శనివారం కూడా ఆఫీసే. క్రికెట్ తప్ప మరో ఆట ఎరగని గుంటూరువాణ్ణి. బ్యాటు గుండ్రంగా ఉండటమే నా మొదటి అనుమానం.

రెండోది కోచ్ మీద. మా ఇంట్లో వంట ఆవిడ వంతు, ఉతుకు నా వంతు. మెషీన్‌లో వేసే ముందు ఆ తెల్ల ప్యాంట్లు రెండూ దులిపి చూసేవాణ్ణి. అబ్బాయి ప్యాంటుకు తొడ పక్కన ఎర్రమట్టి. అమ్మాయిది మట్టి మచ్చ కూడా అంటకుండా వచ్చేది. వంటింటి కిటికీలోంచి బట్టలారేసిన వెదురు గడ బయటికి దోపుతూ కిందికి చూస్తే, మూడో అంతస్తు గడ మీద తైవాన్ పిల్లాడి ప్యాంటు, ఉతికినా పోని ఎర్ర మరకతో ఊగుతూ ఉండేది. ఇంకేముంది, నాకు అర్థమైపోయింది. ఆడపిల్ల, పైగా ఇండియన్. కోచ్ ఆడించకుండా కూర్చోబెడుతున్నాడు.

"నిన్ను ఆడిస్తున్నాడా లేదా?" అని అమ్మాయిని నిలదీశాను.

"టర్న్ వస్తుంది నాన్నా."

"ఎప్పుడు?"

"సూన్ లా" అంది, సింగపూరు పిల్లల్లా మాట చివర 'లా' తగిలించి.

నాకు ఒళ్ళు మండింది. అంతకు ముందు ఏడు ఈత మాస్టారు అమ్మాయిని వెనక వరసలో నిలబెడుతున్నాడని కొలను గట్టు మీదే గొడవపడి మాన్పించాను. ఈసారీ అదే చెప్పాను. "ఇంకో వారం చూస్తాను. ప్యాంటుకు మట్టి అంటకపోతే నేనే వచ్చి ఆ కోచ్‌తో తేల్చుకుంటాను. ఆ తర్వాత ఇద్దరూ మానెయ్యండి."

మరుసటి శనివారం అమ్మాయి ప్యాంటుకు రెండు మోకాళ్ళ మీదా మట్టి ఉంది. నా మాట కోచ్ చెవిన పడి ఉంటుందనుకుని మీసం దువ్వాను. ఆ పై రెండు వారాలూ అంతే.

కానీ నా బుద్ధి ఊరుకుంటుందా. అబ్బాయి మరక ఎరుపు, ఒక పక్కనే, నేల మీద జారినట్టు పొడుగ్గా. అమ్మాయిది నలుపు, రెండు మోకాళ్ళకూ సమానంగా. ఒకే మైదానంలో రెండు రంగుల మట్టి ఎక్కడిది? ఆట మాన్పించి ఆ పిల్ల చేత గడ్డి పీకిస్తున్నాడేమో అని కూడా అనుకున్నాను.

ఆ రోజుల్లోనే కారిడార్లో మా కరివేపాకు కుండీలో మట్టి తగ్గిపోసాగింది. వేళ్ళు బయటపడ్డాయి. పక్కింటి చైనీస్ ఆంటీ కొత్తగా రెండు మిరప కుండీలు పెట్టింది కాబట్టి దొంగ ఆవిడేనని తేల్చేశాను. భోజనాల దగ్గర ఆ మాట ఎత్తగానే అబ్బాయి ఎడమచెయ్యి చూసుకుని చొక్కాకు తుడుచుకున్నాడు. గుమ్మడికాయల దొంగ సామెత నాకు అప్పుడు గుర్తు రాలేదు.

అనుమానం పెనుభూతం. ఆ శనివారం తలనొప్పని చెప్పి ఆఫీసు నుంచి పెందరాళే వచ్చేశాను, ఆంటీని పట్టుకోవడానికి. మెట్ల తలుపు వెనక నక్కి నిలబడ్డాను. కాసేపటికి లిఫ్టు తెరుచుకుంది. దిగింది మా పిల్లలు. అమ్మాయి కుండీ ముందు గొంతుక్కూర్చుంది. తమ్ముడు నీళ్ళసీసా వంచాడు. అది మట్టి తడిపి మోకాళ్ళకు పూసుకుంటోంది.

"అక్కా, ఈ సైడ్ తక్కువైంది. రెండూ సేమ్ ఉండాలి. నాన్న చెక్ చేస్తాడు లా."

నేను బయటికొచ్చాను. అబ్బాయి సీసా వదిలేశాడు. అమ్మాయి మాత్రం లేవలేదు.

"ఏంటమ్మా ఇది?"

"నాకు బ్యాటింగ్ ఇంకా రాదు నాన్నా. నెక్స్ట్ సీజన్‌కి రెడీ అవుతానని కోచ్ చెప్పాడు. ప్రాక్టీస్ అంతా చేయిస్తాడు. మ్యాచ్‌లో నేను స్కోర్ రాస్తా. నాకు అక్కడ ఉండటం ఇష్టం."

"మరి నాతో చెప్పొచ్చుగా?"

"చెప్తే నువ్వొచ్చి ఫైట్ చేస్తావ్. తర్వాత మాన్పిస్తావ్. తమ్ముణ్ణి కూడా." తల వంచుకునే అంది. "స్విమ్మింగ్‌లో నన్ను వెనక ఎందుకు పెట్టారో తెలుసా? హైట్ నాన్నా. పొడుగున్నవాళ్ళందర్నీ వెనకే పెట్టారు. నువ్వు అడగలేదు."

నాకు సిగ్గేసింది. అది ఈతను ఎంత ఇష్టపడిందో నాకు తెలుసు. తెలిసీ, గొడవలో గెలిచానన్న గర్వంతో ఇంటికి తీసుకొచ్చాను. పక్కింటి ఆంటీ తలుపు తీసి పిల్లల్నీ, కుండీనీ చూసి, తన మిరప మొక్కలకు కొన్న సంచీలో మిగిలిన మట్టి తెచ్చి మా కుండీలో పోసింది. ఆవిడ మొహం వైపు చూడలేకపోయాను.

మరుసటి శనివారం అమ్మాయి ప్యాంటు నా చేతికిచ్చింది. తెల్లగా, ఎక్కడా మచ్చ లేదు.

"ఈ వారం కూడా ఆడలేదు" అంది.

ఎందుకు ఆడించలేదన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"స్కోరెంత?" అని అడిగాను.

మెషీన్ తిరుగుతున్నంత సేపూ పక్కనే నిలబడి మొదటినుంచీ ఆట మొత్తం చెప్పింది. చెబుతూ చెబుతూ రెండుసార్లు ఆగి నా మొహం చూసింది, ఎక్కడ కోప్పడతానోనని. ఆ అనుమానం పోవడానికి ఆ సీజనంతా పట్టింది.