ఒక్కటే ప్రశ్న మాస్టారూ

రామబ్రహ్మం గారు నోరు తెరిస్తే ప్రశ్నే. ఆవలించడానికి తెరిచినా సరే, మూసేలోగా ఒకటి అడిగేస్తారు. బందరు బస్సెక్కితే కండక్టరు టిక్కెట్టు అడిగేలోపే "బ్రేకులు ఎప్పుడు చూపించారు?" అంటారు. డాక్టరు నాలుక చాపమంటే, చాపిన నాలుకతోనే "మీదే ఊరండీ?" అన్నారట. "బాగున్నారా" అని పలకరించినవాడి పని ఆ పూటకి ఆఖరు. "ఏ విషయంలో?" అని పట్టుకుంటారు.

పెడన దగ్గర వాళ్ళ ఊళ్ళో ఆయన గోడకి ఇవతలే అమ్మాజీ ఇల్లు. పొయ్యి మీద మూకుడు చప్పుడైతే చాలు, గోడ మీద తల లేస్తుంది.

"చెల్లెమ్మా, ఇవాళ ఏం కూర?"

"మీకెందుకండీ అన్నయ్యగారూ?"

"వాసన వచ్చాక పేరు తెలియొద్దూ?"

"అయితే ముక్కు మూసుకోండి."

ఎన్నేళ్ళు అడిగినా ఆవిడ చెప్పింది లేదు. వంకాయ కూరైనా సరే, కంచంలో పడేదాకా అది అమ్మాజీ సొంత విషయం.

హైస్కూలు హెడ్మాస్టరు చంద్రశేఖర్ గారికి మధ్యలో గోడ కూడా లేదు. "మధ్యాహ్నం భోజనంలో గుడ్డు ఏ ఏ రోజుల్లో పెట్టాలి, ఏ రోజుల్లో పెడుతున్నారు? ఆడపిల్లల బాత్రూముకి గడియేదీ?" అని రామబ్రహ్మం గారు గేటు దగ్గరే కాపు కాసేవారు.

"మీ పిల్లలెవరూ ఇక్కడ చదవట్లేదు కదండీ!"

"బడి ఊరిదా, మీదా?"

ఆ బాధ పడలేక హెడ్మాస్టరు గుడ్ల సంగతి బడి గోడ మీద రాయించారు. గడియా పెట్టించారు.

అంతలో పేరెంట్స్ మీటింగు వచ్చింది. అమ్మాజీ మనవరాలు శ్రీజకి లెక్కల్లో ఏడు మార్కులు. ఆ ముక్క మామ్మకి తప్ప ఇంకెవరికీ చెప్పుకోలేదా పిల్ల.

హెడ్మాస్టరు మైకు అందుకున్నారు. "బడిలో దాపరికం ఉండకూడదని కొందరు పెద్దలు నన్ను పీక్కుతింటున్నారు. సరే, ఇవాళ అందరి పిల్లల మార్కులూ పైకి చదివేస్తాను!"

శ్రీజ మామ్మ కొంగు పట్టుకు లాగింది. "మామ్మా, నాది చదివితే రేపట్నుంచి నేను బడికి రాను."

"ఈ ముసలాయన నోరు పడిపోను! గుడ్లు లెక్కెట్టి లెక్కెట్టి నీ మార్కుల దాకా తెచ్చాడే" అని అమ్మాజీ పళ్ళు నూరింది.

అప్పుడే వెనక వరసలో ఆ నోరు తెరుచుకుంది.

"ఒక్కటే ప్రశ్న మాస్టారూ. ఆ మైకు బస్టాపు దాకా వినపడుతుందా?"

"వినపడుతుందండీ."

"బస్సులో కూర్చున్నవాళ్ళకి?"

"ఒక్కటే అన్నారు!"

"ఇది దాని తోకండీ. పిల్లల మార్కులు నేనడిగానా?"

"అడగలేదు."

"అడిగినదానికేమో నెలల తరబడి తిప్పించారు. అడగనిది మైకులో చెప్తారేంటండీ?"

జనం గొల్లుమన్నారు. హెడ్మాస్టరుకీ నవ్వు ఆగలేదు. "బడి ఊరిదని మీరేగా అన్నారు!"

"అన్నాను. బాత్రూముకి గడియ ఉందో లేదో ఊరికి తెలియాలా?"

"తెలియాలి."

"లోపల ఎవరున్నారో?"

హెడ్మాస్టరు మైకు స్విచ్చి కట్టేశారు. "ఒక్కొక్కరే ఆఫీసు రూములోకి రండి. ఎవరి పిల్లల సంగతి వాళ్ళకే చెప్తాను."

తిరిగొస్తుంటే రామబ్రహ్మం గారు వెనకాలే వచ్చి కలిశారు. అమ్మాజీ శ్రీజని తన పక్కకి లాక్కుంది. ఈ మనిషి మార్కులు అడగకుండా ఉంటాడా? ఇప్పుడు అడుగుతాడు, ఇదిగో అడుగుతాడు...

"అమ్మాయ్ శ్రీజా!"

"ఏంటి తాతయ్యా?"

"ఆ గడియ సరిగ్గా పడుతోందా?"

"పడుతోంది తాతయ్యా."

"అంతే" అని ఆయన తన గుమ్మంలోకి తిరిగిపోయారు.

పొద్దున పడిపొమ్మన్న నోటికి సాయంత్రం కూర పెట్టాల్సి రావడం అమ్మాజీకి కాస్త చిన్నతనంగానే ఉంది. అయినా గోడ మీదుగా గిన్నె అందించింది.

"అడక్కండి. చింతచిగురూ ఎండురొయ్యలూ."

రామబ్రహ్మం గారు మూత తీసి వాసన చూశారు. నోరు తెరిచారు. మూశారు. ఉండబట్టలేక మళ్ళీ తెరిచారు.

"గిన్నె ఎప్పుడు తిరిగివ్వను చెల్లెమ్మా?"

"మీకెందుకండీ అన్నయ్యగారూ?"